ఘాటీలో ఆటోమేటిక్ బండి: ఆర్‌పీఎం ముల్లు ఎందుకు లేస్తుంది?

సాలూరు దాటి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్, జయపురం వచ్చే రోడ్డు మీద ఆటోమేటిక్ కారు నడిపేవాళ్ళకి తరచూ ఒక టెన్షన్ పట్టుకుంటుంది. స్పీడు పెరగలేదు, యాక్సిలరేటర్ కాస్త నొక్కామంతే, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే) ముల్లు రెండు మూడొందలు పైకి లేచింది, కాసేపటికి దిగింది, గేర్‌బాక్స్ పోతోందా అని. సాధారణంగా అది పోవడమూ కాదు, గేరు మారడమూ కాదు. టార్క్ కన్వర్టర్ లాక్ విడిపోయి మళ్ళీ పడింది. గేరే మారితే ముల్లు ఇంకా పెద్ద గంతు వేస్తుంది.

మాన్యువల్ బండిలో క్లచ్ ఉండే చోట ఆటోమేటిక్‌లో ఆయిల్ నిండిన గుండ్రటి డబ్బా ఉంటుంది, అదే టార్క్ కన్వర్టర్ (ఏఎంటీ, అంటే మామూలు క్లచ్చూ గేర్లనే యంత్రం మార్చే బండ్లలో ఇది ఉండదు, వాటి సంగతి వేరు). ఇంజిన్‌తో తిరిగే రెక్కలు ఆయిల్‌ని విసురుతాయి, ఆ తాకిడికి ఎదుటి రెక్కలు తిరిగి గేర్‌బాక్స్‌ని తిప్పుతాయి. మన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో నీళ్ళు టర్బైన్‌ని తిప్పినట్టే, కాకపోతే ఇక్కడ పంపూ టర్బైనూ ఒకే డబ్బాలో. జర్మన్ ఇంజినీర్ హెర్మన్ ఫొట్టింగర్ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నది ఓడల కోసం.

నాకు ఇందులో అన్నిటికన్నా ముచ్చటేసేది ఆ రెండింటి మధ్య ఉండే స్టేటర్. తిరిగొచ్చే ఆయిల్ పంపుకి అడ్డం తగలకుండా, పంపు తిరిగే వైపుకే దాన్ని మళ్ళిస్తుంది, అందువల్ల బండి కదిలే క్షణంలో ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) ఇంచుమించు రెండింతలవుతుంది. ఎత్తు మీద ఆగిన బండి అంత తేలిగ్గా కదలడానికి కారణం ఇదే.

స్పీడందుకున్నాక మాత్రం ఆ లాభం ఉండదు, పైగా టర్బైన్ ఎప్పుడూ పంపు కన్నా కొంచెం వెనకబడే తిరుగుతుంది. ఆ తేడా అంతా వేడిగా మారుతుంది, పెట్రోలు దండగ. అందుకే లోపల ఒక ప్లేటు పెట్టారు. గేర్‌బాక్స్ కంప్యూటర్ సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో పనిచేసే వాల్వు) తిప్పగానే ఆయిల్ ఒత్తిడి ప్లేటు వెనక వైపు నుంచి పడి, దాన్ని డబ్బా గోడకి గట్టిగా అదుముతుంది, ఇక ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే తిరుగుతాయి. లాక్ అంటే ఇదే. ప్యాకార్డ్ కంపెనీ 1949లోనే తన అల్ట్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో దీన్ని అమర్చింది. ఇంజిన్ ఇంకా వేడెక్కకపోయినా, బ్రేకు తొక్కినా, ఎత్తులో ఎక్కువ లాగాల్సొచ్చినా కంప్యూటర్ లాక్ వదిలేస్తుంది.

ఘాటీలో మలుపు మలుపుకీ ఇదే జరుగుతుంటే ఆయిల్ బాగా వేడెక్కుతుంది. మాన్యువల్ మోడ్ ఉంటే ఒక గేరు తగ్గించి అక్కడే ఉంచండి. ఇంజిన్ శబ్దం పెరుగుతుంది, భయపడకండి, లాక్ నిలబడే అవకాశం ఎక్కువ. దిగేటప్పుడూ అంతే, చిన్న గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలవు. ఈ రోడ్డు మీద రోజూ తిరిగే బండికి ట్రాన్స్‌మిషన్ ఆయిల్ జీవితాంతం ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి, రంగు నల్లబడి మాడు వాసన వస్తుంటే వెంటనే చూపించండి.