పేను లేని పేనుకొరుకుడు, గోళ్ల మీద గుంటలు

తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడితే, అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని ముందుగా కనిపెట్టేది చాలాసార్లు మంగలి షాపులోనే. "ఆయ్, పేనుకొరుకుడండి" అంటాడు. సాయంత్రానికల్లా ఎవరో ఒకరు గురివింద గింజ అరగదీసి రాయమంటారు. గురివిందలో అబ్రిన్ అనే గట్టి విషం ఉంది. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో దాన్ని నూరడమంటే నాకు భయం.

పేనుకీ దీనికీ సంబంధం లేదు. డాక్టర్లు అలోపీసియా ఏరియేటా అంటారు. మన ఒంట్లో కాపలా కాసే టి కణాలే పొరబడి వెంట్రుక కుదుళ్ల మీద పడతాయి. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. దువ్వెన వల్ల అంటుకోదు.

అందరూ తలే చూస్తారు, చేతివేళ్లు చూసేవాళ్లు తక్కువ. ఈ జబ్బున్న నూరుమందిలో సుమారు ముప్పైమందికి గోళ్లు కూడా మారతాయి. పిల్లల్లో, జుట్టు బాగా ఊడినవాళ్లలో ఇది ఎక్కువ. వెంట్రుకా గోరూ రెండూ కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారయ్యేవే. గోరు పుట్టే చోటు గోటి మొదట్లో చర్మం కింద దాగి ఉంటుంది. అక్కడ వాపు వస్తే గోటి పైపొర కణాలు సరిగా ముదరవు. గోరు బయటికొచ్చాక అవి రాలిపోయి, సూదిమొనతో పొడిచినట్టు గుంటలు మిగులుతాయి. ఈ గుంటలు లోతు తక్కువ, తాడు పట్టి నాటిన వరినారులా తరచు వరుసల్లో ఉంటాయి. చర్మం పొలుసులు లేచే సోరియాసిస్‌లోనూ గుంటలు పడతాయి గానీ అవి కాస్త లోతుగా, గొడ్లు తొక్కిన చేనులా అడ్డదిడ్డంగా ఉంటాయి. కొందరికి గోరంతా వడ్రంగి గరుకు కాగితంలా బరకగా అయిపోతుంది. ఇరవై గోళ్లూ అలా కావచ్చు.

మన వైపు అసలు చిక్కు ఇక్కడే. నాట్లు వేసేవాళ్లు, రొయ్యలు ఒలిచేవాళ్లు, కొబ్బరి పీచు పనిచేసేవాళ్లు రోజంతా తడిలో చేతులు పెడతారు. గోరు పాడైతే "నీళ్లలో నానింది, ఫంగస్" అని మందుల షాపులో ఏదో బిళ్ల కొనేసుకుంటారు. ఫంగస్ పది వేళ్లకూ ఒకేసారి పట్టడం అరుదు. గోటి ముక్క కత్తిరించి సూక్ష్మదర్శినిలో చూస్తే తేలిపోయే విషయానికి నెలల తరబడి మాత్రలెందుకో!

చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాళ్వా (రెండో పంట) నాట్లప్పుడు గోటి మొదట్లో పడిన గుంట, ఆర్నెల్లకు సార్వా (తొలకరి పంట) నాట్లనాటికి కొనకు చేరి కత్తిరింపులో పోతుంది. కాలి గోటికి ఏడాదిపైనే పడుతుంది.

జుట్టు ఊడిన చిన్న మచ్చల్లో చాలామందికి అది తనంతట తనే తిరిగొస్తుంది, మొదట తెల్లగా రావచ్చు. కొందరికి మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. జబ్బు తీవ్రంగా ఉన్న పెద్దవాళ్లకు 2022లో అమెరికా బారిసిటినిబ్ మాత్రను అనుమతించింది. పిల్లల బరక గోళ్లు చాలావరకు కొన్నేళ్లలో వాటంతటవే సర్దుకుంటాయి. గోరు బాగుపడుతోందా లేదా అని కొన వైపు చూసి టెన్షన్ పడితే లాభం లేదు, అది ఎప్పుడో ఆర్నెల్ల కిందటి గోరు. మొదలు చూడాలి. అక్కడ నున్నటి గోరు రెండు మిల్లీమీటర్లు వచ్చిందంటే, పైన ఎన్ని గుంటలున్నా అవి పాతవే.