అరచేతిలో పట్టే స్కీ బైండింగ్: అపోహలు - వాస్తవాలు

సాల్ట్ లేక్ సిటీలో ఒక స్కీ షాపులో చలికాలమంతా నా పని బైండింగులు, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులు, బిగించడం. లిఫ్టెక్కి జారేవాళ్లవి తక్కువ, స్కీల అడుగున స్కిన్లు (వెనక్కి జారకుండా పట్టే పట్టీలు) అంటించుకుని వసాచ్ కొండలు సొంత కాళ్లతో ఎక్కి దిగేవాళ్లవే ఎక్కువ. ఈ మధ్య మనవాళ్లు కూడా బాగానే వస్తున్నారు. పిన్ బైండింగ్ చేతిలో పెట్టగానే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదా అన్నా నన్ను పట్టుకునేది?" అంటారు.

అపోహ: ఇంత తేలికంటే నాసిరకమే.

లోహం పల్చన చేసి బరువు తగ్గించలేదు, ఒక పెద్ద భాగాన్నే తీసేశారు. పాత ఫ్రేమ్ బైండింగులో బూటు కింద ముందు నుంచి మడమ దాకా ఒక పట్టీ ఉంటుంది, అడుగు వేసినప్పుడల్లా బూటుతో పాటు ఆ పట్టీనీ, దానికున్న మడమ భాగాన్నీ కాలే లేపాలి. బూటు ఎలాగూ గట్టిగానే ఉంది కదా, మధ్యలో ఈ ఫ్రేమ్ ఎందుకని 1980ల్లో ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ దాన్ని పీకేశాడు. బూటు ముందు చెరో పక్క ఒక చిన్న గుంట, ఆ గుంటల్లోకి దిగే రెండు పిన్నులు, మడమ దగ్గర ఇంకో రెండు, అంతే సంగతి. తర్వాత అదే డైనాఫిట్ పేరుతో ప్రపంచమంతా తిరిగింది. ఫ్రేమ్ బైండింగుల జత రెండు కిలోల చుట్టుపక్కల తూగితే, మామూలు పిన్ జత 500 నుంచి 700 గ్రాములు. 1000 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే, అడుగుకి 15 సెంటీమీటర్లు పైకెళ్తామనుకున్నా, ఒక్కో కాలు మూడు వేల సార్లకు పైగా లేవాలి. సాయంత్రం తొడలే చెప్తాయి తేడా.

అపోహ: బైండింగు మీది అంకెను పది దగ్గర పెట్టేస్తే స్కీ ఊడదు.

ఇది వారానికి నాలుగుసార్లు వింటాను. ఆ అంకె ఊడకుండా ఉండటానికి కాదు, మోకాలు మెలిపడేలోపు ఊడటానికి. బరువు, ఎత్తు, వయసు, బూటు సోల్ పొడవు, ఎంత దూకుడుగా జారతారు, ఇవన్నీ చూసి పెట్టాలి. ఇంకో మెలిక: మామూలు రిసార్ట్ బైండింగులో కాలు పక్కకి మెలిపడితే ముందు భాగం వదులుతుంది, చాలా పిన్ బైండింగుల్లో మడమ భాగం తిరిగి వదులుతుంది. పైగా అన్ని పిన్ బైండింగులకూ ఐఎస్ఓ 13992 (కొండలెక్కే బైండింగుల ప్రమాణం) సర్టిఫికెట్ ఉండదు. అది లేని వాటిమీద రాసిన 8కీ, రిసార్ట్ బైండింగు మీది 8కీ బంధుత్వం ఉందనుకోకండి.

అపోహ: దానంతట అదే ఊడిపోతుంది.

ఊడుతుంది, కానీ చాలాసార్లు తప్పు మనదే. గ్రిజ్లీ గల్చ్‌లో స్కిన్లు తీసి, ఆత్రంగా తొక్కేసి, టక్కుమని చప్పుడు వచ్చింది కదా అని బయల్దేరాను, మూడో మలుపులో కుడి స్కీ నా పక్కనుంచే వెళ్లిపోయింది. వెళ్లి తీసి చూస్తే ముందు భాగంలో పిన్నుల్ని మూసి పట్టే రెక్కల కింద బఠాణీ గింజంత ఐసు గడ్డ. అది అడ్డుపడి రెక్కలు పూర్తిగా మూసుకోలేదు, పిన్నులు గుంటల అంచునే ఆగిపోయాయి. అప్పటినుంచి పోల్ మొనతో రెక్కల కింద గీకుతాను, బూటు గుంటల్లో మట్టీ ఐసూ లేకుండా చూస్తాను, ముందు పిన్నులు పట్టాక మడమ తొక్కకుండా కాలిని నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఊపుతాను. అర నిమిషం పని.

అపోహ: భయమేస్తే బైండింగు ముందు భాగంలోని లివర్ లాక్ చేసి దిగొచ్చు.

లాక్ ఎక్కేటప్పటి కోసం. లాక్ చేసి దిగితే ముందు పిన్నులు దాదాపు వదలవు, అప్పుడు విరగాల్సింది ఎముకే. మంచుచరియ మీద పడినా, కాళ్లకు అతుక్కున్న స్కీలు లంగరేసినట్టు కిందికి లాగుతాయి. స్కీ పోతే మనిషే లోయలోకి పోయేంత నిటారు చోట్ల కావాలనే లాక్ చేసి దిగేవాళ్లు ఉన్నారు, వాళ్ల లెక్క వేరు. నిన్నగాక మొన్న మొదలుపెట్టినవాళ్లు ఆ లెక్క అరువు తెచ్చుకోవద్దు.

అపోహ: ఏ స్కీ బూటైనా సరిపోతుంది.

సరిపోదు. ముందూ వెనకా లోహపు గుంటలున్న బూటే కావాలి. గుంటలున్నా సరే, బూటు షాపుకి తీసుకురండి. బూటు మారితే సర్దుబాటూ మళ్లీ చేయాలి, చాలా మోడళ్లలో మడమ దగ్గర ఉండాల్సిన సందు నాలుగైదు మిల్లీమీటర్లే.

అపోహ: ఇదే జత రిసార్ట్‌లో కూడా రోజూ వాడేయొచ్చు.

వాడొచ్చు, నేనైతే వాడను. గట్టిపడిన మంచు మీద వేగంగా పోతుంటే రిసార్ట్ బైండింగు అదురును మింగి బూటును మళ్లీ మధ్యకు తెస్తుంది. పిన్నుల్లో ఆ సాగే గుణం తక్కువ, అదురంతా కాలికే వస్తుంది. రెండూ కావాలంటే ఎక్కడానికి పిన్నులు, దిగడానికి రిసార్ట్ తరహా పట్టు ఉన్న సాలమన్ షిఫ్ట్ లాంటి హైబ్రిడ్‌లు ఉన్నాయి, బరువు మాత్రం మళ్లీ పెరుగుతుంది.

అపోహ: బిగించడం ఎంతసేపు, యూట్యూబ్ చూసి నేనే చేసుకుంటా.

చేసుకోండి, తప్పు లేదు. కాకపోతే ఆ స్క్రూ తల మామూలు ఫిలిప్స్ రకం కాదు, పోజిడ్రైవ్ 3. ఫిలిప్స్ పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది. లోపల లోహపు పొర ఉన్న స్కీకి మామూలుగా 4.1 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు, లేనిదానికి 3.6, స్కీ మీదే రాసి ఉంటుంది చూడండి. లోతు 9 మిల్లీమీటర్లు. బిట్టుకి లోతు దాటనివ్వని స్టాపర్ లేకుండా చేసిన ఒకాయన స్కీ మా షాపు గోడకి వేలాడుతోంది, దాని రంధ్రానికి కన్ను ఆనించి చూస్తే అవతల ట్యూబులైటు కనిపిస్తుంది.