కార్పొరేషన్ ఖాతాలో ఉన్నది మీ డబ్బు కాదు, డాక్టర్ గారూ: డెంటల్ కార్పొరేషన్ల మీద అపోహలు - వాస్తవాలు

శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ మోగిందంటే పంపింది ఎవరో డెంటిస్టే అయ్యుంటారని మా ఇంట్లో అందరికీ తెలుసు. పగలంతా పేషెంట్ల నోట్లో చేతులు పెట్టుకుని ఉండేవాళ్లకు తీరిక దొరికేది అప్పుడే కదా. ప్రశ్న మాత్రం ఏళ్ల తరబడి ఒక్కటే. "అన్నా, మా ఫ్రెండ్ కార్పొరేషన్ పెట్టాడు. 12 శాతమే టాక్స్ కడుతున్నాడట. నేనూ పెట్టేయనా?"

కార్పొరేషన్ అంటే ఇక్కడ డెంటిస్టు తన ప్రాక్టీసు కోసం పెట్టుకునే సొంత కంపెనీ. నేను కెనడాలోని మిస్సిసాగాలో అకౌంటెంట్‌ని. నా దగ్గరికి వచ్చే తెలుగు డెంటిస్టుల్లో ఎక్కువ మంది మన దగ్గర బీడీఎస్ చేసి, ఇక్కడికొచ్చి ఏఎఫ్‌కే, ఏసీజే, ఎన్‌డీఈసీసీ అనే లైసెన్సు పరీక్షలు ఒక్కొక్కటే దాటుకుంటూ లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు. ఆ పరీక్షలకు ఒక్కో పుస్తకం నాలుగుసార్లు తిరగేసినవాళ్లు, పన్ను దగ్గరికి వచ్చేసరికి బర్త్‌డే పార్టీలో బిర్యానీ తింటూ విన్న మాట నమ్మేస్తారు. అందుకే ఇది రాస్తున్నా. ఇదంతా కెనడాలో మా అంటారియో రాష్ట్రం సంగతి. డాలస్‌లో ఉన్న మీ బావగారు చెప్పిన అమెరికా ఎస్ కార్పొరేషన్ కబుర్లు ఇక్కడ చెల్లవు.

అపోహ: కార్పొరేషన్ పెడితే పన్ను 12 శాతమే

అంకె అబద్ధం కాదు. 2025 రేట్ల ప్రకారం ఏడాదికి 5 లక్షల డాలర్ల లాభం వరకు ఫెడరల్ 9, అంటారియో 3.2, కలిపి 12.2 శాతం. కానీ అది కట్టేది కార్పొరేషన్. మీరు కాదు. ఆ డబ్బు మీ ఇంటికి రావాలంటే జీతంగానో డివిడెండ్‌గానో రావాలి, వచ్చినప్పుడు మీ పన్ను మీరు కట్టాలి. ఈ రెండో సగం పార్టీలో ఎవరూ చెప్పరు.

వంద డాలర్లతో చూద్దాం. మీరు పై స్లాబులో ఉన్నారనుకోండి. కార్పొరేషన్ లేకపోతే ఆ చివరి వందలో 53.53 పన్నుకు పోతుంది. కార్పొరేషన్ ఉంటే ముందు 12.20 పోయి 87.80 మిగులుతుంది. దాన్ని డివిడెండ్‌గా తీసుకుంటే 47.74 శాతం లెక్కన ఇంకో 41.92 పోతుంది. మొత్తం 54.12. అంటే సంపాదించినదంతా ఇంటికి తెచ్చుకునేవాళ్లకు కార్పొరేషన్ వల్ల అర డాలరు నష్టమే. దానికి తోడు ఏటా కార్పొరేషన్ టీ2 పన్ను రిటర్ను, పేరోల్, డెంటిస్టులకు లైసెన్సులిచ్చే రాయల్ కాలేజ్ ఆఫ్ డెంటల్ సర్జన్స్ దగ్గర సర్టిఫికెట్ ఆఫ్ ఆథరైజేషన్ రెన్యువల్, నా ఫీజు.

మరి అందరూ ఎందుకు పెడుతున్నారు? ఇంటికి తెచ్చుకోకుండా కార్పొరేషన్‌లోనే వదిలేసిన ప్రతి వందకీ ఇప్పటికి 41 డాలర్ల పన్ను ఆగుతుంది. ఆ డబ్బుతో కుర్చీ కొనొచ్చు, రెండో ఆపరేటరీ (ట్రీట్‌మెంట్ గది) వేసుకోవచ్చు, మదుపు పెట్టుకోవచ్చు. పన్ను వాయిదా పడింది, మాఫీ కాలేదు. ఈ రెండు మాటలకూ తేడా తెలియక ఎంతమంది టెన్షన్ పడ్డారో నా ఫైళ్లకు తెలుసు.

కాబట్టి మొదటి రెండు మూడేళ్లలో ఉన్న అసోసియేట్లను, అంటే వేరేవాళ్ల క్లినిక్‌లో పనిచేసే డెంటిస్టులను, నేను ఒక్కటే అడుగుతాను: నెలాఖరుకు మీ దగ్గర ఏమైనా మిగులుతోందా? పరీక్షల కోసమో, క్వాలిఫయింగ్ ప్రోగ్రాం కోసమో చేసిన అప్పు, ఇంటి మార్ట్‌గేజ్, కారు లీజు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది... ఇవన్నీ మీ సొంత ఖర్చులు, మీ సొంత పన్ను కట్టాక మిగిలిన డబ్బుతో తీర్చాల్సినవి. అన్నీ పోగా ఏమీ మిగలడం లేదంటే వాయిదా వేయడానికి కూడా ఏమీ లేనట్టే. ఆగండి. ఆలస్యమైతే కొంప మునిగిపోదు.

అపోహ: నా కంపెనీ, నా సంతకం, కాబట్టి నా డబ్బే

అన్నిటికన్నా ఎక్కువ నష్టపెట్టేది ఇదే. మిగతావి తెలియకపోయినా పరవాలేదు, ఇది మాత్రం రెండుసార్లు చదవండి.

ఒకావిడ ఉన్నారు, మంచి హస్తవాసి ఉన్న డెంటిస్టు. 2021లో చెల్లెలి పెళ్లి. నవంబరులో కార్పొరేషన్ ఖాతా నుంచి 80,000 డాలర్లు ఇండియాకు వైర్ చేశారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లైను పక్కన ఆవిడ టైప్ చేసుకున్న మాట 'ఫ్యామిలీ'. పుస్తకాలు రాసే అబ్బాయికి అదేమిటో అర్థం కాలేదు, అడిగితే జవాబు రాలేదు. చివరికి షేర్‌హోల్డర్ లోన్ అన్న పద్దులో పడేశాడు. అతని తప్పేమీ లేదు. జీతం కానిది, డివిడెండ్ అని తీర్మానం రాయనిది, వ్యాపార ఖర్చు కానిది, ఇంకెక్కడికి పోతుంది?

షేర్‌హోల్డర్ లోన్ అంటే మీ కంపెనీ దగ్గర మీరు తీసుకున్న అప్పు. కార్పొరేషన్ ఏ ఆర్థిక సంవత్సరంలో అప్పు ఇచ్చిందో ఆ సంవత్సరం ముగిశాక ఏడాది లోపల తిరిగి కట్టేయాలి. ఆవిడ కార్పొరేషన్ లెక్కలు డిసెంబరు 31తో ముగుస్తాయి. కాబట్టి గడువు 2022 డిసెంబరు 31, అంటే చేతిలో ఉన్నది పదమూడు నెలలు. అదే వైరు రెండు నెలలు ఆగి జనవరిలో చేసి ఉంటే దాదాపు రెండేళ్లు దొరికేవి. ఆ మాట అప్పట్లో ఆవిడకు చెప్పినవాళ్లు లేరు.

2024లో కెనడా పన్ను శాఖ సీఆర్ఏ నుంచి ఉత్తరం వచ్చింది. ఫైలు నా దగ్గరికి వచ్చింది కూడా అప్పుడే. ఆ 80,000 మొత్తాన్నీ 2021 ఆదాయంలో కలిపేశారు. ఆ ఏడాది ఆవిడ జీతం లక్షా ఇరవై వేలు, దానిమీద ఇది. పన్నే 35 వేల డాలర్లు దాటింది. 2022 నుంచి వడ్డీ వేరే. ఇంకో మెలిక ఉంది. ఆ 80,000 మీద కార్పొరేషన్ అంతకుముందే 12.2 శాతం కట్టేసింది. డివిడెండ్‌గా తీసుకుని ఉంటే ఆ కట్టినదానికి బదులుగా కొంత క్రెడిట్ వచ్చేది. అప్పుగా తీసుకుని ఆదాయంలో కలిపించుకున్నందుకు ఆ క్రెడిట్ కూడా లేదు.

నా ఎదురుగా కూర్చుని ఆవిడ అన్న మాట నాకింకా గుర్తుంది. "అన్నా, నేను పళ్లు పీకి సంపాదించిన డబ్బు. దొంగతనం చేసినట్టు రాశారేంటి?" కోపం కన్నా ఆవిడ గొంతులో వినిపించింది అవమానం. ఇంట్లో ఇంకా చెప్పలేదు, చెల్లెలికి తెలిస్తే బాధపడుతుందని భయం. ఆ రోజు లెక్కలు పక్కనపెట్టి ముందు టీ తెప్పించాను. తర్వాత చెప్పాను: దొంగతనం కాదమ్మా, కార్పొరేషన్ చట్టం దృష్టిలో వేరే మనిషి. దాని జేబులోంచి తీస్తే ఏ పేరుతో తీశారో రాసి ఉండాలి. ఇప్పుడు తిరిగి కట్టేస్తే, కట్టిన ఏడాది ఆదాయంలోంచి ఆ మొత్తం తగ్గించుకోవచ్చు. దారి మూసుకుపోలేదు, కాస్త చుట్టు తిరగాలి.

దీనికి కొందరు తెలివైన మందు కనిపెట్టారు: డిసెంబరు 30న కట్టేసి, జనవరి 5న మళ్లీ తీసేసుకోవడం. కట్టడం, తీయడం ఇలా వరసగా సాగితే దాన్ని కట్టినట్టు ఒప్పుకోరు. ఎవరైనా ఈ చిట్కా చెబితే ఆ మనిషికి దణ్ణం పెట్టి వచ్చేయండి. ఇక గడువులోపలే కట్టినా, అప్పుకు వడ్డీ లేకపోతే సీఆర్ఏ ప్రకటించే రేటు ప్రకారం ఆ వడ్డీని మీకు అందిన లాభంగా లెక్కేస్తారు.

కిరాణా, పిల్లల డాన్స్ క్లాసు, తిరుపతి టికెట్లు కంపెనీ కార్డు మీద గీకడం కూడా ఈ జబ్బే, చిన్న మోతాదులో. రెండు కార్డులు పెట్టుకోండి, రెండు రంగులవి.

ఇక మిగతావి గబగబా.

"కేసు పడితే కార్పొరేషనే చూసుకుంటుంది." చూసుకోదు. వైద్యంలో పొరపాటుకు మీ బాధ్యత ఎప్పటిలా మీదే, అంటారియో చట్టం ఆ మాట సూటిగా చెప్పింది. దాన్ని కాచేది మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్సు. క్లినిక్ అద్దె, పరికరాల లీజు లాంటి అప్పుల్లో కొంత రక్షణ ఉండాలి గానీ, బ్యాంకులు మీ సొంత గ్యారంటీ సంతకం పెట్టించుకోకుండా అప్పు ఇవ్వడం నేనైతే చూడలేదు.

"మా ఆయన పేరున సగం షేర్లు పెట్టి పన్ను పంచుకుంటాం." షేర్లు పెట్టొచ్చు. అంటారియోలో డెంటిస్టుల, డాక్టర్ల కార్పొరేషన్లలో భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు ఓటు హక్కు లేని షేర్లు పట్టుకోవచ్చు. అన్నదమ్ములకు లేదు. కానీ 2018 నుంచి వచ్చిన టోసీ (ఇంట్లోవాళ్లతో పంచుకున్న ఆదాయం మీద పన్ను) నిబంధనల వల్ల ఆ డివిడెండ్‌కు సాధారణంగా పై రేటే పడుతుంది. మీ ఆయన సగటున వారానికి 20 గంటలు నిజంగా క్లినిక్‌లో పనిచేస్తేనో, మీకు 65 ఏళ్లు వచ్చాకో సంగతి వేరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శనివారం అపాయింట్‌మెంట్ కాల్స్ ఎత్తడం 20 గంటలు కాదు సార్.

"జీతం దండగ, అంతా డివిడెండ్‌గా తీసుకో." డివిడెండ్‌తో ఆర్ఆర్ఎస్‌పీ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) రూం, అంటే అందులో వేసుకోగల పరిమితి, పెరగదు. 2025 గరిష్ఠం 32,490 డాలర్లు పూర్తిగా వాడుకోవాలంటే 2024లో దాదాపు 1,80,500 జీతం ఉండాలి. సీపీపీ (కెనడా పెన్షన్) సంగతి కూడా అంతే, జీతం లేకపోతే జమ లేదు.

"అసోసియేట్‌గా ఒకే క్లినిక్‌లో చేసినా కార్పొరేషన్ ఉంటే చాలు." మీ పని తీరు నిజానికి ఉద్యోగిలా ఉంటే సీఆర్ఏ దాన్ని పర్సనల్ సర్వీసెస్ బిజినెస్ అంటుంది. అప్పుడు 12.2 కాదు, 44.5 శాతం. ఒప్పందం కాగితం ముందు ఎవరికైనా చూపించండి.

"అమ్మేటప్పుడు పన్నే ఉండదు." షేర్లు అమ్మితే ఒక్కొక్కరికి, 2025 లెక్కన, 12.5 లక్షల డాలర్ల లాభం వరకు మినహాయింపు ఉంది, నిజమే. కానీ అమ్మే రోజుకు కంపెనీ ఆస్తుల్లో కనీసం 90 శాతం ప్రాక్టీసులో వాడేవే అయ్యుండాలి. వాయిదా పన్నుతో కంపెనీలోనే కొని పెట్టుకున్న మ్యూచువల్ ఫండ్లు అప్పుడు అడ్డం వస్తాయి. రెండేళ్ల ముందే సర్దుకోవడం మొదలుపెట్టాలి.

ఇక పేరు. వెంకన్న పేరు పెట్టుకుంటానని అడిగేవాళ్లు చాలామంది. కార్పొరేషన్ పేరులో షేర్‌హోల్డర్ అయిన డెంటిస్టు ఇంటిపేరు, డెంటిస్ట్రీ అన్న మాట, ప్రొఫెషనల్ కార్పొరేషన్ అన్న మాట ఉండాలి. నంబరు పేరు కుదరదు. మనవాళ్లకు ఇక్కడే చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో సొంత పేరు పడిపోతుంది, రాయల్ కాలేజ్ రిజిస్టర్‌లోకీ అదే వస్తుంది. నా క్లయింట్ ఒకాయన కార్పొరేషన్ మీద ఇంటిపేరుగా ఉన్నది వాళ్ల అమ్మ ముద్దుగా పిలిచే పేరు. రిజిస్టర్‌లో మీ పేరు ఎలా ఉందో ఆర్టికల్స్ (కంపెనీ నమోదు పత్రాలు) ఫైల్ చేయకముందే చూసుకోండి, తర్వాత మార్చాలంటే మళ్లీ ఫీజు.