మూడు రోజులు అంగడి మూస్తే రోగం పోతుందా?

కోవూరు దగ్గర మా అత్తవాళ్ల ఊరికి తిరిగే మలుపులో ఒక చికెన్ అంగడి ఉంది. 2024 ఫిబ్రవరిలో నేను వెళ్లినప్పుడు దాని షట్టర్ దించి ఉంది. ఓనరు బయట స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ ఒకే సంగతి చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాడు. నేను సైన్సు రాతలు రాస్తానని ఎవరు చెప్పారో గానీ, నన్ను చూడగానే సూటిగా అడిగాడు.

"మూడు రోజులు అంగడి మూయమన్నారు సార్. నాలుగో రోజు తెరుచుకోమన్నారు. ఈ మూడు రోజుల్లో ఆ రోగం యాడికి పోద్ది? బస్సెక్కి మద్రాసు పోద్దా?"

నవ్వేసి తప్పించుకున్నాను. నిజానికి నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఆయన వెటకారంగా అడిగినా ప్రశ్న మాత్రం సరైందేనని.

అప్పుడు జరిగింది ఇది. పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బ గ్రామాల్లో కోళ్లు వేలల్లో చనిపోయాయి. పశుసంవర్ధక శాఖ శాంపిళ్లు తీసి భోపాల్‌లో ఉన్న జాతీయ ల్యాబ్‌కు పంపింది. బర్డ్‌ఫ్లూ అని తేలింది. కలెక్టరేట్ నుంచి ఆంక్షలు వచ్చాయి. రోగం వచ్చిన చోటుకు కిలోమీటరు లోపల చికెన్ అంగళ్లు మూడు నెలలు మూయాలి. పది కిలోమీటర్ల లోపల మూడు రోజులు. పదిహేను రోజుల పాటు కోళ్లను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తరలించకూడదు. అంటే మ్యాపు మీద రెండు వలయాలు, పక్కన మూడు గడువులు. పేపర్లో వచ్చింది అంతే. కిలోమీటరే ఎందుకు, పదే ఎందుకు, మూడు రోజులే ఎందుకు అన్నది ఎక్కడా లేదు.

ఈ వైరస్ కోడి రెట్టలో ఎక్కువగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 4 డిగ్రీల చలిలో రెట్టలో కనీసం 35 రోజులు బతుకుతుంది. 37 డిగ్రీల వేడిలో ఆరు రోజులు. నెల్లూరు ఫిబ్రవరి ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. నీడలో, తడిలో ఉన్న రెట్ట ఒక తీరు, ఎండలో పడ్డది ఇంకో తీరు. కాబట్టి రోగం వచ్చిన ఫారం పక్కన మూడు నెలలంటే అతిగా అనిపించదు. కోళ్లన్నిటినీ చంపి, పూడ్చి, సున్నం చల్లి, షెడ్లు కడిగి, ఆ తర్వాత కూడా ఎక్కడైనా మిగిలిందేమోనని కనిపెట్టి ఉండాలి.

పది కిలోమీటర్ల వలయం సంగతి వేరు. రోగం అక్కడిదాకా వచ్చిందని ఎవరూ అనలేదు. వచ్చిందో లేదో చూసేదాకా సరుకు కదలకుండా ఆపడమే దాని పని. ఫారం నుంచి ఫారానికి ఈ వైరస్ ఎక్కువగా మన కాళ్ల మీద, చక్రాల మీద పోతుంది. చెప్పులకు అంటిన రెట్ట, గుడ్ల ట్రేలు, మేత బస్తాలు, కోళ్లు మోసే ప్లాస్టిక్ పెట్టెలు, లారీ టైర్లు. చికెన్ అంగడి అంటే నాలుగైదు ఫారాల కోళ్లు ఒకచోట కలిసే జంక్షన్. ఆ జంక్షన్‌ను మూడు రోజులు ఖాళీ చేస్తే పాత సరుకు పోతుంది, పెట్టెలు, కత్తులు, నేల కడగడానికి టైం దొరుకుతుంది, పశువైద్య సిబ్బంది చుట్టుపక్కల ఊళ్లు తిరిగిరావచ్చు. అంగడాయన అడిగిందానికి జవాబు ఇదే. మూడు రోజుల్లో రోగం ఎక్కడికీ పోదు, దాని బండి ఆగుతుంది.

ఆ రోజుల్లో చాలామంది వలస పక్షులు దిగే పులికాట్ సరస్సు వైపు, నేలపట్టు వైపు అనుమానంగా చూశారు. 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాలోకి పోయాయి గానీ, నెల్లూరు వాళ్లకు ఆ పక్షులు ఇప్పటికీ మనవే. వలస వచ్చే నీటిపక్షులు, అందులోనూ బాతుజాతివి, ఈ వైరస్‌ను రోగం కనబడకుండానే మోసుకు రాగలవన్న మాట నిజమే. కానీ ఫ్లెమింగో వచ్చి షెడ్డు తలుపు తీయదు కదా. మొదటి నిప్పు ఆకాశం నుంచి పడినా, దాన్ని ఊరూరా తిప్పేది మనమే.

మరి మనుషులకు వస్తుందా? వస్తుంది, అరుదుగా. వస్తే మాత్రం తీవ్రంగా ఉంటుంది. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి హెచ్5ఎన్1 అనే బర్డ్‌ఫ్లూ వైరస్ సోకితే ఆరుగురు చనిపోయారు. అక్కడి ప్రభుత్వం నగరంలో కోళ్లన్నిటినీ చంపించింది. 2003 నుంచి ఇరవై ఏళ్లకు పైగా కాలంలో ప్రపంచం మొత్తం మీద తొమ్మిది వందల చిల్లర కేసులు బయటపడ్డాయి, వాళ్లలో దాదాపు సగం మంది బతకలేదు. తేలికపాటి కేసులు లెక్కకు రాకుండా పోయి ఉండొచ్చు కాబట్టి సగం అన్నది కాస్త ఎక్కువే అనుకున్నా, తేలిగ్గా తీసుకునే జబ్బు కాదు. మన రాష్ట్రంలోనే 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన పసిబిడ్డ దీనివల్ల చనిపోయింది.

అంత భయంకరమైనది ఇంత అరుదుగా ఎందుకు వస్తుందంటే, గొళ్లెం తేడా. వైరస్ ఒక కణంలోకి దూరాలంటే దాని పైపొర మీద ఉన్న ఒకరకం చక్కెర అణువును పట్టుకోవాలి. పక్షుల పేగుల్లో, ఊపిరి గొట్టాల్లో ఆ చక్కెర ఒక వంపులో అతికి ఉంటుంది. మన ముక్కులో, గొంతులో ఇంకో వంపులో ఉంటుంది. కోడి వైరస్‌కు కోడి గొళ్లెమే అలవాటు. అయితే మన ఊపిరితిత్తుల అడుగున మాత్రం పక్షుల తరహా గొళ్లెం ఉంది. అందుకే తేలిగ్గా అంటుకోదు, అంటుకుంటే లోతున అంటుకుంటుంది. లోతున ఉన్నది దగ్గితే పక్కవాడికి చేరడం కూడా కష్టం. సైంటిస్టుల టెన్షన్ ఏమిటంటే, ఆ వైరస్ ఏదో ఒకరోజు మన గొళ్లెం తీయడం నేర్చుకుంటుందేమోనని.

కూరతో భయం లేదు. 70 డిగ్రీల వేడి ముక్క లోపలిదాకా తగిలితే ఈ వైరస్ చస్తుంది. మన కోడికూర ఉడికేది వంద డిగ్రీల దగ్గర, అదీ అరగంట. ప్రమాదమంటూ ఉంటే కూర ఉడకక ముందు ఉంది. రోగం వచ్చిన కోడిని కోయడంలో, ఈకలు పీకడంలో, కడగడంలో, పచ్చి ముక్క చిన్నపిల్లల చేతికి అందడంలో. కానీ ఆ వారం జనం మానేసింది తినడం. చచ్చిన కోడిని ఉత్త చేతులతో ఎత్తి కాలవలో పడేయడం మానేశారా అంటే, నేను చూసినంతలో లేదు.

భయం ఇలా దారి తప్పడం మీద పరిశోధనలు ఉన్నాయి. పాల్ స్లోవిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో సైన్స్ పత్రికలో చూపించిందేమిటంటే, మనం ప్రమాదాన్ని చావుల లెక్కతో కొలవం. రెండు విషయాలు చూస్తాం. ఎంత ఘోరంగా, మన చేతిలో లేకుండా వస్తుంది అన్నది ఒకటి. ఎంత కొత్తది, కంటికి కనబడనిది అన్నది రెండోది. నెల్లూరు బైపాస్‌లో రాంగ్ రూట్‌లో హెల్మెట్ లేకుండా వచ్చే మనిషి, చికెన్ పకోడీ చూసి పక్కకు తప్పుకోవడం ఈ లెక్కలో అర్థమవుతుంది. హైవే పాతది. హెచ్5ఎన్1 కొత్తది, పైగా పేరులోనే అంకెలున్నాయి.

అసలు ఏ పాపమూ లేనప్పుడు కూడా కోడికి శిక్ష పడింది. 2020 మొదట్లో చికెన్ తింటే కరోనా వస్తుందని ఫోన్లలో తిరిగింది. ధర కుప్పకూలింది. ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు స్టేజీ ఎక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. 2025లో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు ఊళ్లలో చికెన్ మేళాలు పెట్టారు. ఊరికే పెడితే జనం తోసుకుంటూ వచ్చి తిన్నారు. మరుసటి రోజు అంగట్లో కొన్నారా అన్నది వేరే సంగతి. నాయకుడు లెగ్‌పీస్ కొరకడం వల్ల 70 డిగ్రీల సంగతి ఎవరికీ తెలియదు. ఆయన తిన్నాడని మాత్రమే తెలుస్తుంది.

కరోనా అనగానే నెల్లూరుకు గుర్తొచ్చేవి వేరు. రాష్ట్రంలో మొదటి కేసు మనదే. 2020 మార్చి 12న తేలింది, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. ఆ అబ్బాయి కోలుకుని ఇంటికి పోయాడు గానీ, అప్పటికే నెల్లూరు అంటే పక్క జిల్లాల వాళ్లు ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లు. ఆ నెలలోనే ప్రభుత్వం ఆంక్షల కోసం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని బయటకు తీసింది. బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు బ్రిటిష్ వాళ్లు తెచ్చిన చట్టం అది. అదే ఏడు పూణేలో సోల్జర్లు రోగుల కోసం ఇళ్లలోకి, వంటిళ్లలోకి చొరబడితే జనం మండిపడ్డారు. ప్లేగు కమిషనర్ ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. అంత చరిత్ర ఉన్న చట్టం నాలుగైదు పేజీలు కూడా ఉండదు. అధికారులు ఏం చేయొచ్చో ఉంది. జనానికి ఏం చెప్పాలో లేదు.

వలయం గీసినప్పుడు లోపల ఎవరున్నారో చూడకపోతే ఏమవుతుందో ప్రకాశం జిల్లా కురిచేడులో తెలిసింది. 2020 జూలై చివర్లో కేసులు పెరిగి ఊళ్లో లాక్‌డౌన్ పెట్టారు. మద్యం షాపు కూడా మూతపడింది. తాగుడుకు బానిసైనవాళ్లు శానిటైజర్‌లో నీళ్లు, కూల్‌డ్రింకు కలిపి తాగారు. రెండు రోజుల్లో పదిమందికి పైగా చనిపోయారు. ఏళ్ల తరబడి రోజూ తాగే శరీరానికి ఒక్కసారిగా మద్యం ఆగితే వణుకు, భ్రమలు, ఒక్కోసారి మూర్ఛ వస్తాయి. ఇది వైద్య పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న విషయం. కంటైన్‌మెంట్ జోన్‌లో పాలు, కూరగాయలు ఇంటికి ఎలా చేర్చాలో ఆలోచించారు. వీళ్ల గురించి ఆలోచించడానికి ఎవరికీ మొహమాటం అడ్డం రాకుండా ఉండాల్సింది.

ఇక కృష్ణపట్నం. 2021 మే నెల గుర్తుందా? బెడ్లు లేవు. తిరుపతిలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక ఒక్క రాత్రిలో 11 మంది పోయారు. సరిగ్గా ఆ రోజుల్లో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో, ఆనందయ్య అనే ఆయన కరోనాకని ఇచ్చే నాటుమందు పేరు మోగింది. ఉచితం, చేతికి అందేది, ఇచ్చే మనిషి ఎదురుగా కనబడి మాట్లాడతాడు. వేలమంది వచ్చారు. అంబులెన్సుల్లో, ఆక్సిజన్ సిలిండర్లతో వచ్చినవాళ్లు కూడా ఆ గుంపులో ఉన్నారు. రోగం తగ్గించుకోవడానికి వచ్చిన జనం మధ్య రోగం ఎంత తిరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

"మరి వాడినవాళ్లకి తగ్గింది కదా" అని మా ఇంట్లోనే రోజూ వాదన. దానికి నేను మలైకాజా లెక్క చెప్పేవాణ్ణి. కోవిడ్ ఏ మందూ లేకున్నా వందలో 95 మందికి పైగా కోలుకునే జబ్బు. వెయ్యిమంది రోగులకు తలా ఒక నెల్లూరు మలైకాజా పెట్టామనుకోండి. 950 మందికి పైగా కోలుకుంటారు. వాళ్లలో వందమంది వీడియో తీసి పెట్టినా చాలు, దేశమంతా మలైకాజా కోసం క్యూ కడుతుంది. కోలుకోనివాళ్లు వీడియో తీయరు. కాజా పనిచేసిందో లేదో తెలియాలంటే, కాజా తినని ఇంకో వెయ్యిమందిని పక్కన పెట్టి పోల్చాలి. ఆ రెండో వెయ్యిమంది లేని అనుభవాలు ఎన్ని లక్షలున్నా తీర్పు చెప్పలేవు. మా ఇంట్లో ఈ లెక్క ఎవరూ ఒప్పుకోలేదు, కాజాలు మాత్రం తెప్పించారు.

ప్రభుత్వం మొదట పంపిణీ ఆపించి, పరీక్షలన్నది. మే 31న, నష్టమేమీ కనబడలేదు గానీ జబ్బు తగ్గిస్తుందన్న రుజువు కూడా లేదంటూ కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది. అందులో ఒక షరతు నాకు బాగా నచ్చింది. రోగులు స్వయంగా రాకూడదు, వాళ్ల తరఫున వేరేవాళ్లు వచ్చి తీసుకుపోవాలి. మందు మీద తీర్పు చెప్పే ధైర్యం లేకపోయినా, గుంపు మాత్రం తగ్గించారు.

మళ్లీ కోళ్ల దగ్గరికి వస్తాను. ఆ ఫిబ్రవరిలో నేను అత్తవాళ్లింటికి పోయింది అత్త ఫోన్ చేసినందుకే. "అబ్బయా, మన కోళ్లు బాగానే తిరగతా ఉండాయి. బాగున్నవాటిని కూడా పట్టుకుపోయి చంపుతారంట, నిజమేనా?" ఆమెకు నాటుకోళ్లు ఎనిమిదో తొమ్మిదో ఉండేవి. చంపేది కిలోమీటరు లోపలివాటినే. రోగం బయటపడేలోపే కోడి రెట్టలో వైరస్ వచ్చేస్తుంది కాబట్టి, అక్కడ బాగున్నవాటిని కూడా వదలరు. చంపినవాటికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. తమంతట చచ్చినవాటికి ఇవ్వదు. అందుకని రోగాన్ని తొందరగా చెప్పిన రైతుకే ఎంతో కొంత మిగులుతుంది. అత్తవాళ్ల ఊరు కిలోమీటరుకు బాగా అవతల, పది కిలోమీటర్ల లోపల. ఆమె కోళ్ల జోలికి ఎవరూ రారు, వాటిని ఊరు దాటించకుండా ఉంటే చాలు. ఇదంతా ఓపిగ్గా విడమరిచి చెప్పాను.

అంతా విని ఆమె తల పంకించింది. గంప మాత్రం ఖాళీగా ఉంది. అంతకు ముందు రోజు పొద్దున్నే మొదటి బస్సులో, గోనెసంచి కప్పి, రెండు మంచి పెట్టలను కావలిలో కూతురింటికి చేర్చి వచ్చిందట.

"నువ్వు నిన్న వచ్చి చెప్పుండాల్సింది" అంది.