మోడల్ చూసేది జబ్బునా, ఆస్పత్రినా?

హెల్త్ డేటా మీద ఏఐ పేపర్ ఏదన్నా కనపడితే నేను ముందు ఆక్యురసీ నంబర్ చూడను, డేటా ఎక్కణ్ణుంచి తెచ్చారో చూస్తా. ఈ అలవాటు ఆస్తమా కథ చదివాక వచ్చింది.

1990ల్లో అమెరికాలో న్యుమోనియా పేషెంట్ల డేటా మీద ఒక రిసెర్చ్ చేశారు, ఎవర్ని అడ్మిట్ చేసుకోవాలి ఎవర్ని మందులిచ్చి ఇంటికి పంపొచ్చు అని కంప్యూటర్ చెప్పాలన్నమాట. అన్నిట్లోకీ న్యూరల్ నెట్‌వర్కే (డేటా చూసి తనే నేర్చుకునే ప్రోగ్రామ్, లోపల ఏం నేర్చుకుందో మాత్రం మనకి కనపడదు) బాగా చెప్పింది. అయితే అదే డేటా నుంచి రూల్స్ నేర్చుకునే ఇంకో పద్ధతి ఒక వింత రూల్ బయటపెట్టింది, ఆస్తమా ఉన్నోళ్ళకి న్యుమోనియాతో చనిపోయే రిస్క్ తక్కువట! డాక్టర్లు ఒప్పుకుంటారా మరి. అలాగని డేటా తప్పా అంటే అదీ కాదు, ఆస్తమా ఉందంటే చాలు నేరుగా ఐసీయూలో పెట్టి గట్టిగా చూసుకునేవాళ్ళు కాబట్టి వాళ్ళు నిజంగానే ఎక్కువమంది బతికారు. మోడల్‌కి, అంటే ఇలా డేటా నుంచి నేర్చుకున్న ప్రోగ్రామ్‌కి, ఆ చూసుకోవడం కనపడదు, బతికారన్న లెక్క ఒక్కటే కనపడుద్ది. దాని మాట నమ్మి ఇంటికి పంపేస్తే అంతే సంగతులు. న్యూరల్ నెట్‌వర్క్ నేర్చుకుందీ ఆ డేటా నుంచే కాబట్టి దాన్ని పక్కన పెట్టేశారు, ఎందుకంటే ఈ ఒక్కటంటే దొరికింది, లోపల దొరకనివి ఇంకెన్నున్నాయో ఎవరికి తెలుసు. ఆ టీమ్‌లో పనిచేసిన రిచ్ కారువానా 2015లో, లోపల ఏం నేర్చుకుందో గ్రాఫుల్లో చూపించే మోడల్ వాడి మళ్ళీ చూస్తే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఛాతీనొప్పి కూడా రిస్క్ తగ్గిస్తున్నట్టే తేలింది, కారణం సేమ్ అయ్యుంటుందని వాళ్ళ అనుమానం.

2018లో బోస్టన్‌లో రెండు ఆస్పత్రుల నుంచి 6,69,452 మంది రికార్డులు తీసి చూస్తే ఇంకో తమాషా. 174 ల్యాబ్ టెస్టుల్లో 118టికి, రిజల్ట్ ఎంతొచ్చింది అనేదానికన్నా టెస్ట్ ఎప్పుడు రాశారు అనేదే పేషెంట్ బతుకుతాడా లేదా అన్నది బాగా చెప్పింది. ఆలోచిస్తే తెలిసిపోతుంది, రాత్రి మూడింటికి ఊరికే ఎవరూ రక్తం తీయరు కదా, డాక్టర్‌కి ఏదో అనుమానం వచ్చుంటుంది. మోడల్ ఆ అనుమానాన్ని కాపీ కొడుతోంది, మనమేమో రక్తం చదివేసిందనుకుంటాం.

ఎక్స్‌రేల్లోనూ ఇదే గోల. కుడో ఎడమో తెలియడానికి టెక్నీషియన్ మూలన పెట్టే చిన్న మెటల్ బిళ్ళ ఉంటుంది చూడండి, అదే ఏడాది ఇంకో రిసెర్చ్‌లో మోడల్ దాన్ని పట్టుకుని ఇది ఏ ఆస్పత్రి ఫిల్మో కనిపెట్టేసింది. ఒక ఆస్పత్రి ఫిల్ముల్లో 34 శాతం న్యుమోనియా, ఇంకోదాన్లో 1 శాతం చిల్లర, ఇక ఊపిరితిత్తుల వంక చూడాల్సిన పనేముంది దానికి? ట్రైనింగ్‌లో లేని ఆస్పత్రుల ఫిల్ములు ఇచ్చి చూస్తే ఐదు పోలికల్లో మూడింట్లో స్కోర్ పడిపోయింది.