ఆగ్నేయం కిటికీలో అరచేతంత యాంటెన్నా

మా పెదనాన్న ఇంట్లో రేడియో ఉండే చోటు వంటిల్లు. వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయంలో కట్టారు. ఆయన వినే ఉపగ్రహం కూడా ఆగ్నేయంలోనే ఉండేది. అరచేతంత యాంటెన్నాను కిటికీ గట్టు మీద పెట్టి, దాని ముఖం కాస్త పైకెత్తి, రిసీవర్ మీద సిగ్నల్ గీతలు పెరిగేదాకా అటూ ఇటూ జరిపేవారు. గీతలు నిలబడగానే కర్ణాటక సంగీతం మొదలయ్యేది. పొద్దున ఐదింటికీ అదే, రాత్రి పదకొండింటికీ అదే.

అది వరల్డ్‌స్పేస్ రేడియో, చందా కట్టి ఉపగ్రహం నుంచి నేరుగా వినేది. ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా 1990లో స్థాపించిన సంస్థ. 1998లో ఆఫ్రికా కోసం ఆఫ్రిస్టార్ ఉపగ్రహాన్ని, 2000 మార్చిలో మన ఖండం కోసం ఏషియాస్టార్‌ను పైకి పంపింది. ఏషియాస్టార్ స్థానం భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 36 వేల కి.మీ. ఎత్తున. ఆ ఎత్తులో ఉపగ్రహం ఒక చుట్టు తిరిగేలోపు భూమి కూడా తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతుంది. అందుకే హైదరాబాద్ నుంచి చూస్తే అది ఎప్పుడూ ఆగ్నేయంలోనే, దిగంతానికీ నడినెత్తికీ మధ్య సగం కన్నా కొంచెం పైన ఉండేది. యాంటెన్నాను ఒకసారి సరిగ్గా పెడితే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

ఉచితంగా ఎఫ్ఎం వస్తుంటే డబ్బు కట్టి రేడియో వినడం దేనికని అప్పట్లో చాలామంది అడిగేవారు. ఎఫ్ఎం తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, భూమేమో గుండ్రం. అందుకే ఒక స్టేషన్ ఒక ఊరికీ దాని చుట్టుపక్కలకీ సరిపోతుంది. ప్రకటనలతో బతికే స్టేషన్ ఆ ఒక్క ఊళ్లో ఎక్కువమందికి నచ్చేదే వేయాలి, అంటే సినిమా పాటలు. తోడి రాగం ఆలాపనను అరగంట వినేవాళ్లు ఏ ఊళ్లో చూసినా కొద్దిమందే. కానీ శ్రీకాకుళం నుంచి సింగపూర్ దాకా ఉన్న ఆ కొద్దిమందినీ కలిపితే ఒక చానల్‌కు సరిపడా జనం! 36 వేల కి.మీ. ఎత్తున్న టవర్ చేసే పని ఇదే. ఆ లెక్క వల్లే కర్ణాటక సంగీతానికి ‘శ్రుతి’, హిందుస్తానీకి ‘గాంధర్వ్’ అని రోజంతా నడిచే చానళ్లు పుట్టాయి. తెలుగుకు ‘స్పందన’ ఉండేది. పుట్టపర్తి నుంచి ‘రేడియో సాయి’ 2001 నవంబరు 23న మొదలైందీ ఈ ఉపగ్రహాల మీదే. నా దృష్టిలో చందాదారులు డబ్బు కట్టింది పాటలకు కాదు, తమ ఇష్టం ఎంత చిన్నదైనా దానికంటూ ఒక చానల్ ఉన్నందుకు.

చందా కట్టినవాళ్లకే వినిపించడం ఎలా? రిసీవర్‌కు వినడమే తెలుసు, తిరిగి ఏమీ పంపలేదు. పాటలన్నీ సంకేత భాషలోకి మార్చి అందరి మీదా ఒకేలా కురిపిస్తారు. ప్రతి రిసీవర్‌కూ ఒక నంబరు ఉంటుంది. మీరు డబ్బు కట్టగానే ఉపగ్రహం ఆ నంబరును పిలిచి తాళంచెవి లాంటి సంకేతం పంపుతుంది. ఆ పిలుపు లక్షల ఇళ్ల మీద పడినా అందుకునేది మీ పెట్టె ఒక్కటే. మీరు ఏ పాట విన్నారో, ఎంతసేపు విన్నారో పైనున్న ఉపగ్రహానికి తెలియదు. వినేవాళ్లు పదిమందైనా పది లక్షలమందైనా దాని ఖర్చు మారదు. ఈ రెండు గుణాలూ నాకు ఇప్పటికీ ఎంతో ముచ్చటగా అనిపిస్తాయి.

చిక్కల్లా పైకప్పుతోనే. ఈ తరంగాల పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు. అంత దూరం నుంచి వచ్చేసరికి బాగా బలహీనపడి కిటికీ అద్దం దాటుతాయి గానీ కాంక్రీటు స్లాబును దాటలేవు. ఎదురుగా కొత్త అపార్ట్‌మెంట్ లేస్తే పాట ఆగిపోయినట్టే. డిజిటల్ కాబట్టి గరగర కూడా ఉండదు, వస్తే స్పష్టంగా వస్తుంది, లేకపోతే నిశ్శబ్దం.

అమెరికాలో ఇదే చిక్కును కార్ల కోసం విప్పారు. ఎక్స్ఎం సంస్థ 2001 సెప్టెంబరు 25న డాలస్, శాన్‌డియాగోలలో నెలకు 9.99 డాలర్ల చందాతో మొదలైంది. సిరియస్ అనే మరో సంస్థ ఆ మరుసటి ఏడాది వచ్చింది. ఒకే పాటను రెండు ఉపగ్రహాలు కొన్ని సెకన్ల తేడాతో పంపుతాయి. రిసీవర్ ముందు వచ్చినదాన్ని దాచిపెట్టుకుంటుంది. కారు వంతెన కింద దూరినప్పుడు పోయిన ముక్క రెండో ఉపగ్రహం నుంచి తర్వాత అందుతుంది, రెంటినీ అతికించి వినిపిస్తుంది. ఎత్తైన భవనాలున్న నగరాల్లో ఉపగ్రహ ప్రసారాన్నే మళ్లీ వినిపించే రిపీటర్లను నేల మీద పెట్టారు. సిరియస్ తొలి మూడు ఉపగ్రహాలైతే కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో తిరుగుతూ, వంతులవారీగా ఉత్తర అమెరికా నెత్తిన ఎక్కువసేపు ఉండేవి. ఉపగ్రహం నడినెత్తికి ఎంత దగ్గరగా ఉంటే భవనాల అడ్డు అంత తక్కువ.

కార్లలోకి ఎక్కిన ఆ రెండు సంస్థలూ 2008లో ఒకటై సిరియస్ ఎక్స్ఎంగా నిలిచాయి. కిటికీ గట్లకే పరిమితమైన వరల్డ్‌స్పేస్ అదే ఏడాది అక్టోబరులో దివాలా కోర్టుకెక్కింది. దాని చందాదారుల్లో ఎక్కువమంది మనవాళ్లే. భారత్‌లో ప్రసారాలు 2009 డిసెంబరు 31తో ఆగిపోయాయి.

ఇప్పుడు ఫోన్‌లో ఏ రాగమైనా దొరుకుతుంది. కాకపోతే ఒక్కొక్కరికీ విడివిడిగా డేటా పంపాలి, దగ్గర్లో టవర్ ఉండాలి. నెవాడా ఎడారి రోడ్ల మీద ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ పోయినచోట కూడా, తల మీద ఆకాశం కనిపిస్తున్నంతసేపూ కారు రేడియో పాడుతూనే ఉంటుంది.