నాలుగు ట్రాకుల టేపు, బ్లేడుతో కోసిన స్పీకరు: అరవైల బ్రిటిష్ రాక్‌పై అపోహలు - వాస్తవాలు

మా స్టూడియోకు పాత రికార్డులు తెచ్చేవాళ్లు రెండు రకాలు. ఘంటసాల, సుశీల పాటలు తెచ్చి, "మా నాన్నగారివి, జాగ్రత్తండీ" అని అప్పగించి వెళ్లిపోయేవాళ్లు మొదటి రకం. అరవైల నాటి బ్రిటిష్ బృందాల ఎల్పీలు తెచ్చేవాళ్లు రెండో రకం. వీళ్లు వెళ్లరు. నేను రికార్డు కడిగి, ఆరబెట్టి, సూది దించేదాకా పక్కనే నిలబడతారు. పాట మొదలవగానే దాని చరిత్ర నాకే చెబుతారు. సగం నిజం, సగం ఎవరో ఎప్పుడో అల్లిన కథ.

ఆ అభిమానం మీద నాకు ఫిర్యాదు లేదు, నాకూ అదే జబ్బు. మద్రాసులో ఒక చిన్న స్టూడియోలో టేపులు ఎక్కించే కుర్రాడిగా పని మొదలుపెట్టిన నాటి నుంచి ఈ పాటలు వింటూనే ఉన్నాను. అయితే మనం మెచ్చుకోవలసిన చోట కాక పక్కచోట మెచ్చుకుంటున్నామేమో అని అనుమానం. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: అంత గొప్పగా వినిపిస్తోందంటే వాళ్ల దగ్గర ఎవరికీ లేని యంత్రాలు ఉండి ఉంటాయి.

వాస్తవం: వాళ్ల దగ్గర ఉన్నవి అమెరికా వాళ్ల కంటే వెనకబడినవి. న్యూయార్క్‌లో అట్లాంటిక్ రికార్డుల సంస్థ 1950ల చివరికే ఎనిమిది ట్రాకుల యంత్రం వాడుతోంది. లండన్‌లో ఆబీ రోడ్డు మీద ఉన్న ఈఎమ్ఐ రికార్డుల కంపెనీ స్టూడియోలో బీటిల్స్ 1967లో 'సార్జంట్ పెప్పర్స్' ఎల్పీని నాలుగు ట్రాకుల యంత్రాలతోనే ముగించారు.

నాలుగు ట్రాకులు అంటే ఏమిటో పనిచేసినవాడికే తెలుస్తుంది. ఒకే టేపు మీద నాలుగు దారులు. డ్రమ్స్, బేస్, గిటారు, పియానో ఎక్కించేసరికి దారులు నిండిపోతాయి. గొంతు ఎక్కడ పెట్టాలి? ఆ నాలుగింటినీ కలిపి రెండో యంత్రంలోని ఒకే ట్రాకులోకి పోస్తారు. అక్కడ మూడు ఖాళీ అవుతాయి. అవీ నిండితే మళ్లీ అదే పని. పోసిన ప్రతిసారీ టేపు బుసబుస కొంత పెరుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఒకసారి కలిపాక విడదీయడం కుదరదు. పులుసులో ఉప్పు వేసినట్టే, తక్కువైతే చేర్చవచ్చు, ఎక్కువైతే తీయలేము. మేము ఒక పాటలో ఇలాగే వీణను కాస్త తగ్గించి కలిపేశాం. ఇప్పటికీ ఆ పాట రేడియోలో వస్తే, ఆ వీణ కోసం నా చెవి వెతుక్కుంటూనే ఉంటుంది.

కాబట్టి పాట పూర్తిగా ఎలా ఉండాలో మొదటి రోజే ఊహించుకోవాలి. ఈ రోజు నా కంప్యూటరులో వంద ట్రాకులు తెరుచుకుని, ఏ నిర్ణయమూ తీసుకోకుండా నెల రోజులు గడపవచ్చు. వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. నా లెక్కలో ఆ పాటల బిగువంతా అక్కడ నుంచి వచ్చిందే.

1966 చివర్లో రికార్డు చేసిన 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' సంగతి చూడండి. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌కు రెండు రికార్డింగులు నచ్చాయి. ఒకటి ఏడో టేకు, నెమ్మదైనది. ఇంకొకటి ఇరవై ఆరో టేకు, సెల్లోలు, ట్రంపెట్లతో వేగంగా సాగేది. రెండింటినీ కలిపేయమన్నాడు. శ్రుతి వేరు, కాలప్రమాణం వేరు. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమరిక్ ఒక టేపును కాస్త వేగంగా, రెండోదాన్ని కాస్త నెమ్మదిగా తిప్పి చూస్తే శ్రుతులు దగ్గరపడ్డాయి. అప్పుడు టేపు కోసి అతికించారు. పాట మొదలైన నిమిషం దగ్గర చెవి పెట్టి వినండి, గొంతు రంగు మారుతుంది. ఆ పాట ఆరంభంలో వినిపించే వేణువు కూడా వేణువు కాదు, బర్మింగ్‌హామ్‌లో తయారైన మెలోట్రాన్. హార్మోనియంలా మెట్లుంటాయి, ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. నొక్కితే సుమారు ఎనిమిది సెకన్లు మోగి ఆగిపోతుంది. ఇంకా కావాలంటే వేలు తీసి మళ్లీ నొక్కాలి.

అపోహ: స్టీరియో అసలైనది, మోనో పాతకాలపు నాసిరకం.

వాస్తవం: ఇది సరిగ్గా తిరగబడి ప్రచారమైన మాట. మోనో అంటే శబ్దమంతా ఒకే ధారగా రావడం, స్టీరియో అంటే ఎడమకూ కుడికీ వేర్వేరుగా రావడం. ఒకసారి ఒక పెద్దమనిషి ఫోను చేసి, "మీరు కాపీ చేసిచ్చిన పాటలో ఎడమ చెవిలో గొంతే లేదండీ, డబ్బు వెనక్కి ఇవ్వండి" అని దెబ్బలాడారు. నా తప్పు కాదు. అది తొలినాళ్ల బీటిల్స్ ఎల్పీ. అప్పట్లో వాద్యాలను ఒక ట్రాకులోకి, గొంతులను మరో ట్రాకులోకి ఎక్కించేవారు. ఎందుకంటే తర్వాత సరైన పాళ్లలో కలిపి ఒకే మోనోగా చేయడానికి. స్టీరియో కాపీ కావాలని కంపెనీ అడిగితే, ఆ రెండు ట్రాకులనే ఒకటి అటు, ఒకటి ఇటు పంచి ఇచ్చారు.

అప్పుడు బ్రిటన్ కుర్రకారు ఇళ్లలో ఉన్నది ఒక్క స్పీకరున్న గ్రామఫోను పెట్టె. అక్కడ పాప్ సింగిల్స్, అంటే వైపుకొక పాటుండే చిన్న రికార్డులు, దాదాపు అన్నీ మోనోలోనే వచ్చేవి. బీటిల్స్ బ్రిటన్‌లో తొలి స్టీరియో సింగిల్ విడుదల చేసింది 1969 మేలో. 'సార్జంట్ పెప్పర్స్' మోనో మిక్సింగుకు నలుగురూ దగ్గర కూర్చున్నారు. స్టీరియో మిక్సింగును ఇంజనీర్లు వాళ్లు లేకుండానే కొద్ది రోజుల్లో చుట్టేశారు. తేడాలు చిన్నవి కావు. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' మోనోలో వేగంగా నడుస్తుంది, శ్రుతి కూడా అర స్వరం పైన ఉంటుంది. యాభై ఏళ్ల పాటు చాలామంది విన్నది నెమ్మదైన స్టీరియో. 2017లో కొత్తగా మిక్సింగ్ చేసినప్పుడు గానీ స్టీరియో వేగాన్ని మోనోకు సరిపెట్టలేదు.

మీ అటక మీద కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన మోనో ఎల్పీ ఉంటే, దయచేసి పాతసామాన్లవాడికి వేయకండి. గీతలు పడ్డా సరే.

అపోహ: 'యు రియల్లీ గాట్ మీ'లో గిటారు సోలో వాయించింది జిమ్మీ పేజ్. ఆ గరగర శబ్దం ఖరీదైన పరికరంతో వచ్చింది.

వాస్తవం: ఈ మాట అరవై ఏళ్లుగా తిరుగుతోంది. 1964 నాటి ఆ పాట కింక్స్ అనే లండన్ బృందానిది, అందులో సోలో వాయించింది వాళ్ల గిటారిస్టు డేవ్ డేవిస్. తాను వాయించలేదని పేజ్ చెప్పాడు, నిర్మాత షెల్ టాల్మీ చెప్పాడు. పేజ్ అప్పట్లో లండన్ స్టూడియోల్లో రోజుకూలీ వాద్యకారుడు, కింక్స్ తొలి ఎల్పీలో కొన్నిచోట్ల వాయించాడు. పుకారు అక్కడ పుట్టింది. చివరకు డేవ్‌కు దక్కవలసిన పేరు సగం పక్కవాడికి పోయింది.

ఇక ఆ గరగర. డేవ్ దగ్గర ఎల్పికో అనే చవకబారు బుల్లి యాంప్లిఫైయర్ ఉండేది. దాని శబ్దం నచ్చక, స్పీకరులోని కాగితపు కోన్‌ను బ్లేడుతో చీల్చాడు. చీలిన కాగితం కదిలినప్పుడల్లా అంచులు కొట్టుకుని బరబరమంటాయి. ఆ శబ్దాన్ని పెద్ద వాక్స్ యాంప్లిఫైయర్‌లోకి పంపాడు. నేనూ పాత రేడియో స్పీకరుతో ప్రయత్నించాను. అడ్డదిడ్డంగా కోస్తే స్పీకరు మూగబోతుంది తప్ప రాక్ సంగీతం రాదు. రెండో స్పీకరు దగ్గరికి వచ్చేసరికి నాకు బుద్ధి వచ్చింది: నిలువుగా, చిన్న గాట్లు పెట్టాలి. మా ఆవిడ ఆ రేడియో గురించి ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది.

అపోహ: భారతీయ సంగీతాన్ని రాక్‌లోకి మొదట తెచ్చింది బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్.

వాస్తవం: ఎక్కువ ప్రేమతో, ఎక్కువ దూరం తెచ్చింది ఆయనే. మొదట మాత్రం కాదు. 1965 జనవరిలో కింక్స్ ఆస్ట్రేలియా వెళుతూ బొంబాయిలో ఆగారు. తెల్లవారుజామున వలలు మోసుకెళ్లే జాలరుల పాట కింక్స్ గాయకుడు రే డేవిస్ చెవిన పడింది. ఆ జూలైలో వచ్చిన 'సీ మై ఫ్రెండ్స్'లో అది తంబూరలా ఒకే స్వరం పట్టుకుని మోగే గిటారుగా మారింది. అందులో సితార్ లేదు, ఉన్నట్టు అనిపిస్తుంది. అంతకు కొద్ది నెలల ముందే యార్డ్‌బర్డ్స్ బృందం వాళ్లు 'హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్' కోసం నిజంగానే సితార్ వాద్యకారుణ్ణి పిలిపించారు. సితార్ నాదం ఆ హోరులో నిలబడలేదు. వాళ్ల గిటారిస్టు జెఫ్ బెక్ అదే వరుసను గరగరలాడే ఫజ్ గిటారుపై వాయించాడు. రికార్డులో ఉన్నది అదే. హారిసన్ సితార్ వాయించిన 'నార్వేజియన్ వుడ్' ఆ ఏడాది డిసెంబరులో వచ్చింది.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఆ సితార్‌లో గమకం దొరకదు. గిటారు వరుసను సితార్ మీద మీటినట్టు ఉంటుంది. దాచుకోవలసిన పని లేదు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. 1966లో రవిశంకర్ దగ్గర శిష్యరికానికి బొంబాయి వచ్చాడు. 1968 జనవరిలో మళ్లీ వచ్చి, అక్కడి హెచ్ఎంవీ స్టూడియోలో మన వాద్యకారులతో 'ది ఇన్నర్ లైట్' వాద్య సంగీతం రికార్డు చేసుకున్నాడు. ఆ రెండు పాటలూ వరుసగా వినండి. నడుమ రెండేళ్లకు పైచిలుకు సాధన ఉంది, పాట కట్టిన తీరులోనే తెలుస్తుంది. మొదటి పాటనే మెచ్చుకుని రెండోదాన్ని వినని అభిమానులంటే నాకు కాస్త కోపం.

అపోహ: ఆ వింత శబ్దాలన్నీ మత్తుమందుల ప్రభావం.

వాస్తవం: వాళ్లు వాడలేదని నేను అనను, వాళ్లే ఒప్పుకున్నారు. కానీ మత్తు టంకం పెట్టదు, టేపు కోయదు. ఈఎమ్ఐ ఇంజనీరు కెన్ టౌన్సెండ్ సంగతి చూడండి. ఒకే పాటను రెండుసార్లు పాడి ఒకదానిపై ఒకటి పెడితే గొంతు నిండుగా వస్తుంది. లెనన్‌కు రెండోసారి పాడటం విసుగు. 1966లో టౌన్సెండ్ రెండో యంత్రాన్ని కలిపి, దాని వేగాన్ని అటూ ఇటూ మార్చి, ఒక్కసారి పాడిన గొంతే రెండుగా వినిపించే ఏర్పాటు చేశాడు. ఒకరి బద్ధకం, ఇంకొకరి నైపుణ్యం.

ఆ ఏడాదే వచ్చిన 'టుమారో నెవర్ నోస్'లో, కొండ మీద దలైలామా మంత్రం చదువుతున్నట్టు తన గొంతు ఉండాలన్నాడు లెనన్. అప్పటికి ఇరవై ఏళ్లున్న ఎమరిక్, హామండ్ ఆర్గన్ కోసం చేసిన గిరగిర తిరిగే స్పీకరులోకి ఆ గొంతును పంపాడు. డ్రమ్ములో ఉన్ని స్వెట్టరు కుక్కి, మైకును నిబంధనలు ఒప్పుకోనంత దగ్గరగా పెట్టాడు. గుండ్రంగా అతికించిన టేపు ముక్కలు వేర్వేరు యంత్రాల మీద ఆగకుండా తిరుగుతుంటే, ఉద్యోగులు పెన్సిళ్లతో వాటిని బిగువుగా పట్టుకుని నిలబడ్డారు. జీతం తీసుకుని, సాయంత్రం ఇంటికి వెళ్లే మనుషులు వాళ్లు.

చిన్నాచితకా మరికొన్ని.

"రింగో బీటిల్స్‌లోనే గొప్ప డ్రమ్మర్ కాదు" అని లెనన్ అన్నాడంటారు. అనలేదు. అది లెనన్ చనిపోయాక బ్రిటన్‌లో హాస్యగాళ్లు వేసిన జోకు. రింగోది ఎడమచేతి వాటం, కుడిచేతి వాళ్ల అమరికలో వాయిస్తాడు. అందుకే ఆ విరుపులు ఇంకెవరికీ అలా పలకవు.

ద హూ బృందంలో పీట్ టౌన్సెండ్ గిటారు విరగ్గొట్టడం తిరుగుబాటుతో మొదలవలేదు. 1964లో హారో ప్రాంతంలోని ఒక హోటల్లో వేదిక పైకప్పు కిందికి ఉండటంతో గిటారు తగిలి విరిగింది. జనం నవ్వేసరికి పూర్తిగా పగలగొట్టాడు.

రింగోకు ముందు బీటిల్స్‌కు డ్రమ్స్ వాయించిన పీట్ బెస్ట్ మద్రాసులో పుట్టాడంటే కట్టుకథ అనుకుంటారు. నిజమే, 1941లో.

పాల్ మెకార్ట్నీ 1966లో చనిపోయాడన్న కథకు నా దగ్గర టైము లేదు.

అపోహ: 2023లో వచ్చిన 'నౌ అండ్ దెన్'లో లెనన్ గొంతును కృత్రిమ మేధ సృష్టించింది.

వాస్తవం: అది లెనన్ గొంతే, 1970ల చివర్లో న్యూయార్క్ ఇంట్లో పియానో వాయిస్తూ క్యాసెట్‌లో పాడుకున్నది. 1995లో మిగతా ముగ్గురూ దాన్ని పాటగా చేయాలని కూర్చుని వదిలేశారు, పియానో మోత గొంతును మింగేస్తోందని. దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ వేరు చేసింది. అలాంటి సాధనాలతో నేను పాత పాటల గీతల రొద తీస్తుంటాను. ఉన్న గొంతును వెలికి తీయడం వేరు, లేని గొంతును పుట్టించడం వేరు. పులుసులోంచి ఉప్పు తీయలేమని పైన రాశాను కదా, ఇప్పుడు కొంత తీయగలుగుతున్నాం. నా వీణ మాత్రం దొరకలేదు, మాస్టర్ టేపు ఎవరి దగ్గరుందో తెలియదు.

అపోహ: మంచి పాటలన్నీ అప్పుడే హిట్టయ్యాయి, మనం గుర్తుపెట్టుకున్నది అందుకే.

వాస్తవం: కింక్స్ వారి 'విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ' ఎల్పీ బ్రిటన్‌లో 1968 నవంబరు 22న వచ్చింది. అదే రోజు బీటిల్స్ తెల్ల అట్ట డబుల్ ఎల్పీ కూడా వచ్చింది. కింక్స్ ఎల్పీ అమ్మకాల పట్టికలోకే ఎక్కలేదు. ఈ రోజు ఆ బృందం పేరెత్తితే అభిమానులు ముందు చెప్పేది దాని గురించే.

జాంబీస్ అనే బృందం కథ ఇంకా విచిత్రం. బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్స్' ముగించి వెళ్లిన కొద్ది వారాలకే 1967లో అదే స్టూడియోలోకి వచ్చారు. లెనన్ అక్కడ వదిలివెళ్లిన మెలోట్రాన్ వాడుకున్నారు. ఆ ఎల్పీ 'ఒడెస్సీ అండ్ ఓరకిల్'. అట్ట గీసిన చిత్రకారుడు 'ఒడెస్సీ' స్పెల్లింగు తప్పు రాశాడు, తప్పుతోనే అచ్చయింది. 1968 ఏప్రిల్‌లో రికార్డు అంగళ్లకు వచ్చేసరికి బృందమే లేదు, అంతకుముందు డిసెంబరులోనే విడిపోయారు. 1969లో అందులోని 'టైమ్ ఆఫ్ ది సీజన్' అమెరికాలో మూడో స్థానానికి ఎక్కింది. కచేరీలకు పిలుపులు వస్తే వెళ్లడానికి అసలు జాంబీస్ లేరు, ఆ పేరుతో నకిలీ బృందాలు ఊళ్లు తిరిగాయి.

2008 మార్చిలో మిగిలిన నలుగురూ లండన్‌లోని షెపర్డ్స్ బుష్ ఎంపైర్ వేదిక మీద ఆ ఎల్పీని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వాయించారు. అప్పటిదాకా దాన్ని పూర్తిగా ఎవరి ఎదుటా వాయించనే లేదు. గిటారిస్టు పాల్ అట్కిన్సన్ అప్పటికి నాలుగేళ్ల క్రితమే పోయాడు. ఒక కస్టమరు తెచ్చిన ఆ ఎల్పీ ఈ వారం నా బల్ల మీద ఉంది. నిన్న కడిగి ఆరబెట్టాను. అట్ట మీద స్పెల్లింగు తప్పును ఎవరో పెన్నుతో దిద్దారు.